చిగుళ్ల నెత్తురుకు ఏ మౌత్‌వాష్?

ప్రశ్న: పళ్లు తోముకుంటే ఉమ్మిలో ఎర్రని చార కనిపిస్తోందండి. ఏ మౌత్‌వాష్ కొనాలి?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: చిగురు అంచున పేరుకునే పాచి వల్లనే సాధారణంగా ఇలా నెత్తురు వస్తుంది కాబట్టి, దానిని బ్రష్షుతో మెత్తగా తొలగించకుండా ఏ మౌత్‌వాష్ వాడినా ఫలితం అరకొరగానే ఉంటుందమ్మా. రోజువారీకి సెటైల్‌పిరిడినియం క్లోరైడ్ అనే క్రిమినాశిని ఉన్న, ఆల్కహాల్ లేని రకం చాలు. 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ అనే మరో క్రిమినాశిని ఉన్న మౌత్‌వాష్ పాచిని ఇంకా గట్టిగా అడ్డుకుంటుంది కానీ, ఎక్కువ కాలం వాడితే పళ్లపై గోధుమరంగు మరకలు పడతాయి, పులస పులుసు రుచి సైతం తేడాగా తోస్తుంది. అందువల్ల వైద్యులు చెప్పినన్ని వారాలే వాడండి. తోముకున్న అరగంటకు 10 మిల్లీలీటర్లు నోట పోసుకుని, 30 సెకన్లు పుక్కిలించి ఉమ్మివేయాలి. వెంటనే కాఫీ వద్దు. గోటితో గీకినా రాని గార ఇప్పటికే కట్టి ఉంటే దానిని మౌత్‌వాష్ కరిగించలేదు, దంతవైద్యుని చేత తీయించుకోవలసిందే.