పరిశీలనా శక్తి బాగా ఉంటే ఫోరెన్సిక్ సైన్స్‌లో రాణించవచ్చా? కళ్లారా చూసిన సాక్షిని కోర్టు ఎందుకు అనుమానిస్తుంది?

ఒక్కసారి చూస్తే ఏదైనా గుర్తుండిపోతుందని, అది ఫోరెన్సిక్ కోర్సుకి పనికొస్తుందా అని అడిగారు. దాంతోపాటే, ప్రత్యక్ష సాక్షి మాటను లాయర్లు ఎందుకు అంత తేలిగ్గా తీసిపారేస్తారనీ అడిగారు. నేను ల్యాబ్ మనిషిని కాను. జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూసే ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరి, ఇప్పుడు సొంతంగా ప్రాక్టీస్ చేసుకుంటున్నాను. అందుకని ముందు రెండో ప్రశ్నకే జవాబు చెబుతాను.

అబద్ధం చెప్పే సాక్షితో మాకు పెద్ద కష్టం ఉండదు, క్రాస్‌లో, అంటే ఎదుటి పక్షం లాయరు అడిగే ప్రశ్నల్లో, ఎక్కడో ఒకచోట దొరికిపోతాడు. నిజాయితీగా, గట్టి నమ్మకంతో తప్పు చెప్పే సాక్షితోనే చిక్కు.

ఒక చైన్ స్నాచింగ్ కేసులో మేము ముద్దాయి తరఫున ఉన్నాం. గొలుసు పోయినావిడ ఇచ్చిన ఫిర్యాదులో హెల్మెట్లు పెట్టుకున్న ఇద్దరు, నల్ల బండి అని తప్ప ఇంకేమీ లేదు. కోర్టులో మాత్రం ముద్దాయిని చూపించి, "వీడేనండి, ఆ కళ్లు జన్మలో మర్చిపోను" అన్నారు. మా సీనియర్ గారు గొంతు పెంచలేదు. "ఐడెంటిఫికేషన్ పరేడ్‌కి ముందు ఈ అబ్బాయిని ఎక్కడైనా చూశారామ్మా?" అని మాత్రం అడిగారు. "స్టేషన్‌కి పిలిచి వీడేనా అని చూపించారు కదండీ" అన్నారావిడ, అందులో తప్పేముంది అన్నట్టు.

పరేడ్ విలువ అక్కడితో పోయింది. మేజిస్ట్రేట్ సమక్షంలో, అదే వయసు, అదే ఒడ్డూ పొడుగూ ఉన్న మరికొందరి మధ్య అనుమానితుణ్ణి నిలబెట్టేది సాక్షి జ్ఞాపకాన్ని పరీక్షించడానికి. ముందే మనిషిని చూపించేస్తే ఇక పరీక్షించడానికి ఏముంటుంది? పరేడ్‌లో ఆవిడ గుర్తుపట్టింది గొలుసు లాగినవాణ్ణా, స్టేషన్‌లో చూసినవాణ్ణా అంటే ఆవిడ దగ్గర కూడా జవాబు లేదు. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో సెక్షన్ 9, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 7, ఈ పరేడ్‌కి ఆధారం. ఇది కోర్టులో గుర్తుపట్టినదానికి బలం ఇవ్వడానికే పనికొస్తుంది, దీని ఒక్కదాని మీదే శిక్ష వేయరు.

"ఆవిడ సరిగ్గా చూడలేదేమో, నేనైతే చూసేవాణ్ణి" అనుకుంటున్నారా? అయితే అమెరికాలోని నార్త్ కరోలైనాలో 1984లో జరిగిన కేసు గురించి చదవండి. అత్యాచారానికి గురైన ఒక కాలేజీ విద్యార్థిని, బతికి బయటపడితే వాణ్ణి పట్టించాలని, ఆ సమయంలోనే అతని ముఖాన్ని పట్టుదలగా గమనించింది. తర్వాత పోలీసులు చూపిన ఫోటోల్లో రొనాల్డ్ కాటన్‌ని ఎంచుకుంది, వరుసలో నిలబెట్టిన మనుషుల్లోనూ అతన్నే చూపించింది. ఫోటోల్లోనూ వరుసలోనూ రెండుచోట్లా ఉన్నది అతనొక్కడే, మిగతావాళ్లు వేర్వేరు. ఫోటోల్లో ఎంచుకున్నది కూడా ఇతన్నే అని పోలీసులు చెప్పేసరికి ఆమె నమ్మకం ఇంకా గట్టిపడింది. తర్వాత అసలు నేరస్థుణ్ణి కోర్టులో ఎదురుగా చూపిస్తే, ఇతన్ని ఎప్పుడూ చూడలేదంది. పదేళ్లకు పైగా జైల్లో ఉన్నాక 1995లో డీఎన్ఏ పరీక్షతో కాటన్ బయటికొచ్చాడు.

చూడటంలో లోపం లేకపోయినా, చూసినదానికీ చెప్పేదానికీ మధ్య జ్ఞాపకంలోకి వేరేవి వచ్చి చేరతాయి. ప్రశ్న అడిగే తీరు కూడా చాలు. ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే సైకాలజిస్టులు 1974లో విద్యార్థులకు కారు ప్రమాదం ఫిల్మ్ చూపించి, కార్లు "ఢీకొన్నప్పుడు" ఎంత వేగంతో ఉన్నాయని కొందరిని, "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" ఎంత వేగమని మరికొందరిని అడిగారు. వారం తర్వాత, పగిలిన గాజు చూశారా అంటే మొదటి గుంపులో 50 మందిలో 7గురు, రెండో గుంపులో 50 మందిలో 16 మంది చూశామన్నారు. ఫిల్మ్‌లో గాజు పగలనే లేదు. ఇక స్టేషన్‌లో "వీడేనా?" అని అడిగితే ఏమవుతుందో ఊహించుకోండి.

వెలుతురు సంగతి కూడా ఉంది. రాత్రి కేసుల్లో నేను ముందుగా చూసేది పోలీసులు గీసిన రఫ్ స్కెచ్‌లో, అంటే నేరం జరిగిన చోటి పటంలో, వీధి దీపం ఉందా, ఎంత దూరంలో ఉంది అని. చాలా స్కెచ్‌లలో అది ఉండదు. సాక్షి మాత్రం ముఖం స్పష్టంగా కనబడిందనే అంటాడు.

అనుభవంతో ఇవన్నీ సర్దుకుంటాయనీ అనుకోకండి. ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్ అధికారుల మీద 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో, పరిచయం లేని ముఖాల ఫోటోలను పోల్చి ఒకే మనిషో కాదో చెప్పడంలో వాళ్లు మామూలు విద్యార్థుల కంటే మెరుగ్గా లేరని తేలింది. రోజూ వాళ్లు చేసే పని అదే!

ఇక మీ మొదటి ప్రశ్న. గుర్తుండిపోతుందన్న ధీమా ఫోరెన్సిక్‌లో, నా ఉద్దేశంలో, కాస్త ప్రమాదమే. అక్కడ కావాల్సింది ఎవరితోనూ మాట్లాడకముందే రాసుకునే అలవాటు. రాసేది కూడా చూసింది చూసినట్టే ఉండాలి. "నేల మీద రక్తం" అని కాదు, "రక్తంలా కనిపిస్తున్న ఎర్రటి మరకలు" అని. అది రక్తమో కాదో ల్యాబ్ చెబుతుంది. దూరం అయితే టేపుతో కొలవండి, ఫోటో అయితే పక్కన స్కేల్ పెట్టి తీయండి.

ఇంట్లోనే ప్రాక్టీస్ చేయొచ్చు. ఏదైనా సీసీటీవీ వీడియో ఒక్కసారి చూసి, ఆపేసి, గుర్తున్నది రాయండి. మర్నాడు మళ్లీ రాసి, ఆ తర్వాతే వీడియోతో పోల్చండి. రెండోసారి కొత్తగా చేరిన వివరాలు ఎక్కడివో చూసుకోండి. కొన్నాళ్లకు మీ కాగితంలో "ఇది నేను చూడలేదు" అనే మాట ఎక్కువైతే సరైన దారిలోనే ఉన్నట్టు. బోనెక్కి ఆ మాట అనగలిగే సాక్షిని క్రాస్ చేయాలంటే నాకిప్పటికీ టెన్షనే.