డిలీట్ లైన్ మాత్రం ఇప్పుడే నడపకు

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

నాన్నా,

ఆఫీసులో అందరి లాగిన్లూ చూసే కీక్లోక్ సర్వర్ ఇక నీదేనని అక్క ఫోన్లో చెప్పింది. "పొద్దస్తమానం ఆ నల్ల స్క్రీన్ ముందే కూర్చుంటున్నాడే, అదేం ఉద్యోగమే?" అని అడిగింది. ఆఫీసు తాళాల గుత్తి వాడి చేతికిచ్చారని చెప్పాను. అప్పటినుంచి అక్కకి గర్వం, నాకు టెన్షన్.

బ్రౌజర్లో క్లిక్ చేసుకునే కన్సోల్ ఉండగా, కమాండ్లు టైపు చేసే కమాండ్ లైన్ ఎందుకు అనుకోకు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పట్లో మాది ఓపెన్‌ఏఎం, అదీ కీక్లోక్ లాంటిదే. జనరేటర్ మీద సర్వర్, నా చేతిలో ఒక డాంగిల్. కన్సోల్ పేజీ సగం లోడై ఆగిపోయేది. దూరంనుంచే సర్వర్‌కి కమాండ్లు పంపే ఎస్‌ఎస్‌హెచ్‌లో మాత్రం కొట్టిన అక్షరం నత్తనడకనైనా పోయేది. ఆ వారం పనంతా ఓపెన్‌ఏఎం కమాండ్ టూల్ ఎస్‌ఎస్‌ఓఆడ్మ్‌తోనే నెట్టుకొచ్చాను. అదో మొండిఘటం. పాస్‌వర్డ్ ఫైలు ఇంకెవరికైనా కనపడేలా ఉంటే అసలు నడవదు, సీహెచ్‌మాడ్ 400 అనే కమాండ్‌తో నాకొక్కదానికే కనపడేలా చేసి తీరాల్సిందే.

కీక్లోక్‌కి ఉన్న అలాంటి టూల్, నీ కేసీఆడ్మ్‌కి అంత పట్టింపు లేదు, నువ్వే పెట్టుకోవాలి. పాస్‌వర్డ్ కమాండ్‌లో రాయకు, షెల్ హిస్టరీలో ఉండిపోతుంది. రాయకుండా వదిలేస్తే అదే అడుగుతుంది. లాగిన్ అయ్యాక టోకెన్లని, అంటే లాగిన్ అయ్యావనే గుర్తింపు చీటీల్ని, నీ హోం డైరెక్టరీలో ఒక ఫైల్లో దాచుకుంటుంది. నలుగురు వాడే మెషీనైతే పనవగానే ఆ ఫైలు తీసెయ్.

అసలు చెప్పాల్సింది రెల్మ్ సంగతి. రెల్మ్ అంటే ఒక గుంపు యూజర్లు విడిగా ఉండే గది లాంటిది. లాగిన్‌కి ఇచ్చే రెల్మ్ వేరు, పని జరగాల్సిన రెల్మ్ వేరు. మాస్టర్ అనే రెల్మ్‌లో లాగిన్ అయి, కమాండ్‌లో హైఫన్ ఆర్ పెట్టి రెల్మ్ పేరు చెప్పకపోతే పని మాస్టర్ మీదే జరిగిపోతుంది. తప్పని ఒక్క ముక్క అనదు.

ఓ సోమవారం 40 మంది ట్రైనీలకి అకౌంట్లు తెరవాలి. పేర్ల షీటుని సీఎస్‌వీ ఫైలు చేసి, ఒకే కమాండ్‌ని ఒక్కో పేరుకీ నడిపే లూప్ రాసి, ఎంటర్ కొట్టాను. కొత్త యూజర్ తయారంటూ వరసగా 40 లైన్లు పడ్డాయి. హాయిగా టీ తాగొచ్చాను. చూస్తే ఒక్కరికీ లాగిన్ అవట్లేదు. పాస్‌వర్డ్ తేడా అనుకుని అందరికీ మళ్ళీ పెట్టాను, అదీ హైఫన్ ఆర్ లేకుండానే! అందరూ వెళ్ళి అడ్మిన్లుండే మాస్టర్‌లో కూర్చున్నారని మధ్యాహ్నానికి గాని తెలియలేదు. కంగారులో అక్కడి ఐడీలన్నీ ఒక ఫైల్లోకి లాగి డిలీట్ లూప్ రాశాను. ఎంటర్ మీద వేలు పెట్టబోతూ ఎందుకో లైన్లు లెక్కపెట్టాను. 42. మిగిలిన రెండూ మా అడ్మిన్ అకౌంట్లే! ఆ డిలీట్ "నిజంగానా?" అని అడిగే రకం కాదు.

అప్పటినుంచి లూప్‌లో కమాండ్ ముందు ఎకో పెట్టి (అప్పుడు కమాండ్ నడవదు, తెర మీద కనపడుతుందంతే), ఉత్తినే ఓసారి నడిపి, వచ్చిన లైన్లు చదువుకున్నాకే ఎకో తీస్తాను. నువ్వూ అంతే చెయ్యి.

యూజర్లని వెతికిపెట్టే గెట్ కమాండ్‌లోనూ తిరకాసుంది. యూజర్‌నేమ్‌తో వెతికితే ఆ అక్షరాలున్న వాళ్ళందరూ వస్తారు. సింహాద్రి అప్పన్న ఉన్న ఊరు మనది. 'అప్పల' అని కొట్టావంటే అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలకొండ కలిసికట్టుగా దిగుతారు. ఉద్యోగం మానేసినవాడి అకౌంట్ తీసేసే స్క్రిప్ట్ మొదటి ఐడీ తీసుకుందంటే వాడి అకౌంట్ భేషుగ్గా ఉంటుంది, పని చేసేవాడు బయట నిలబడతాడు. ఎగ్జాక్ట్ ట్రూ అని అడుగు. ఇంకోటి, ఎంతమంది కావాలో చెప్పకపోతే 100 మందితో ఆపేస్తుంది. మిగతావాళ్ళు లేరనుకునేవు.

పెద్ద మార్పు ముందు ఎక్స్‌పోర్ట్ తీసుకో, అంటే ఉన్నదంతా ఫైల్లోకి కాపీ. కన్సోల్‌లో ఉండే పార్షియల్ ఎక్స్‌పోర్ట్‌లో యూజర్లు రారు, దాన్ని బ్యాకప్ అనుకోకు. సర్వర్ ఆపి, కేసీ ఎక్స్‌పోర్ట్‌తో పూర్తిగా తీసుకో.

పాత స్క్రిప్టులు '404, అడ్రస్ దొరకలేదు' అని మొరాయిస్తే సర్వర్ అడ్రస్ చివర 'స్లాష్ ఆథ్' ఉందేమో చూడు. 2022లో వచ్చిన 17వ వెర్షన్ నుంచి ఆ తోక మామూలుగా ఉండదు.

ఆదివారం రుషికొండ నుంచి ఇటే వచ్చెయ్, వంజరం పులుసు పెడతాను. నువ్వు రాసిన ఆ లూప్ కూడా పట్టుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం. అప్పటిదాకా అందులో డిలీట్ ఉన్న లైన్ మాత్రం నడపకు.

నీ పిన్ని