కోర్డోబా మసీదు మధ్యలో చర్చి ఎలా వచ్చింది?

ప్రశ్న: మా అబ్బాయి మాడ్రిడ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే నెల చూడడానికి వెళ్తున్నాం. స్పెయిన్‌లోనే కోర్డోబా అనే ఊళ్లో మసీదు మధ్యలో చర్చి ఉందన్నాడు. ఒకే కట్టడం రెండూ ఎలా అయింది? – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పిన నేను రిటైరయ్యాక అక్కడ మూడు రోజులున్నాను. మూడు రోజులూ ఆ మసీదులోకే వెళ్లాను.

లోపల అడుగుపెట్టగానే అందరూ ఎర్ర, తెల్ల చారల కమానులు చూస్తారు. మీరు ముందు స్తంభాల మొదళ్లు చూడండి. పాత భాగంలో ఒకటి నల్లగా, పక్కది గులాబీ రంగులో ఉంటుంది. ఒకదాని కింద పీట ఉంటే మరోదానికి ఉండదు. అవన్నీ పాత రోమన్ కట్టడాల నుంచి, రోమన్ల తర్వాత ఏలిన విసిగోత్‌ల కట్టడాల నుంచి తెచ్చినవి. కోర్డోబా ఒకప్పుడు రోమన్ల రాష్ట్ర రాజధాని, తత్వవేత్త సెనెకా పుట్టిన ఊరు.

డమాస్కస్ నుంచి ఏలిన తన వంశాన్ని ఊచకోత కోస్తే తప్పించుకుని వచ్చిన అరబ్ రాకుమారుడు అబ్ద్ అల్ రహమాన్ 756లో ఈ ఊరిని గెలిచి, 785 ప్రాంతంలో మసీదు మొదలుపెట్టించాడు. దొరికిన స్తంభాలేమో పొట్టివి, కప్పు ఎత్తుగా కావాలి. అందుకని స్తంభం మీద రాతి దిమ్మె నిలిపి, కమాను మీద కమాను కట్టారు. అంత అందం ఒక ఇబ్బందిలోంచి పుట్టిందని తెలిసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. తర్వాతి పాలకులు రెండు వందల ఏళ్లపాటు పెంచుతూ పోయారు. పాత కమానుల్లో ఎర్ర చార ఇటుక, తెల్ల చార రాయి. చివరిగా, అధికారమంతా చేతిలో పెట్టుకున్న మంత్రి అల్ మన్సూర్ చేర్చిన భాగంలో చాలా కమానులకు ఇటుక లేదు, రాతి మీద ఎర్ర రంగు పూశారు. దగ్గరికెళ్లి చూస్తే తెలిసిపోతుంది. ఇప్పటికీ 856 స్తంభాలున్నాయి.

1236లో క్రైస్తవ రాజ్యమైన కాస్టీల్ రాజు మూడో ఫెర్నాండో ఊరిని గెలిచి మసీదును చర్చిగా మార్చాడు, కానీ పడగొట్టలేదు. అసలు గొడవ 1523లో వచ్చింది. నడిమధ్యన పెద్ద చర్చి కడతానన్నాడు బిషప్ మాన్రికే. నగర సభ ఒప్పుకోలేదు. పనికి వెళ్లిన కూలీలకు మరణశిక్ష వేస్తామని కూడా ప్రకటించింది. ఆ సభవాళ్లూ క్రైస్తవులేనమ్మా! తమ ఊరి కట్టడాన్ని చెడగొట్టొద్దన్నారు, అంతే. చివరికి చక్రవర్తి ఐదో చార్లెస్ బిషప్ పక్షాన తీర్పిచ్చాడు. స్తంభాలు కొన్ని తీసేసి కట్టారు. పని 1607 దాకా సాగింది. ఆ చర్చి పనితనం గొప్పదే, కానీ నా మనసు నగర సభ వైపే ఉంది.

గంటల కథ కూడా మీ అబ్బాయికి చెప్పండి. 997లో అల్ మన్సూర్ వాయవ్య స్పెయిన్‌లోని సాంటియాగో చర్చి గంటలను క్రైస్తవ బందీల భుజాల మీద కోర్డోబాకు మోయించాడు. 1236లో ఫెర్నాండో వాటినే ముస్లిం బందీల చేత వెనక్కి మోయించాడు.

సాయంత్రం రోమన్ వంతెన మీదికి వెళ్లండి. కింద పారే నది పేరు గ్వాదల్‌కివిర్. అరబ్బీలో వాదీ అల్ కబీర్, అంటే పెద్ద నది. రాజ్యాలు మారినా ఊరివాళ్లు ఆ పేరునే పలుకుతున్నారు.