గ్రంథసూచి దిద్దుకునే ముందు

చిరంజీవి అమ్మాయికి,

రాతలోనూ వాడుక భాషే ఉండాలని సాగిన వ్యావహారిక భాషోద్యమం మీద నువ్వు తయారు చేసిన వ్యాఖ్యానసహిత గ్రంథసూచి, అంటే ఒక్కో పుస్తకం కింద నీ వ్యాఖ్యతో ఉన్న జాబితా, చదివాను. పుస్తకాల ఎంపికకు వంక పెట్టను. రాసిన తీరుకే పెట్టాల్సి వస్తోంది. కాగితాల నిండా ఎర్ర గీతలు గీసి పంపితే ఎందుకు గీశానో నీకు తెలియదు కాబట్టి ఈ ఉత్తరం.

ముందు కన్యాశుల్కం నాటకం సంగతి. 'గురజాడ అప్పారావు, కన్యాశుల్కం, 2011' అని ఇచ్చావు. గురజాడ 1915లోనే పోయారు. 2011 అనేది నీ చేతిలో ఉన్న పునర్ముద్రణ సంవత్సరం. దాన్ని పునర్ముద్రణ అని చెప్పి వేస్తే తప్పు లేదు. అసలు చిక్కు కింద రాసిన వ్యాఖ్యలో ఉంది. మధురవాణి సంభాషణలను మెచ్చుకుంటూ '1897 నాటికే ఇంత సాహసమా' అన్నావు. నాటకం తొలి కూర్పు 1897లో వచ్చిన మాట నిజమే. నువ్వు చదివిన ఏడంకాల పాఠం మాత్రం ఆయన బాగా మార్చి, పెంచి 1909లో వేసిన రెండో కూర్పు. మధురవాణి పాత్ర అంతగా పెరిగింది అందులోనే. ఆ ఉద్యమాన్ని నడిపిన గిడుగు రామమూర్తిగారు వాడుక భాష కోసం నడుం కట్టింది ఈ పన్నెండేళ్ల నడుమే. నీ అంశానికి ఇంతకంటే ముఖ్యమైన పన్నెండేళ్లు లేవు. కూర్పు పేర్కొనకపోవడం వల్ల నీ వాదమే తప్పుదారి పట్టింది చూడు.

ఇక పేర్లు. గిడుగు వేంకట రామమూర్తి 'గ' కింద ఉన్నారు. 'రామమూర్తి, జి.వి.' అని 'ర' కింద ఉన్నారు. 'శ్రీ గిడుగు రామమూర్తి పంతులు గారు' అని 'శ' కిందా ఉన్నారు. మనిషి ఒక్కడే. మన ఇంటిపేరు ఎలాగూ ముందే ఉంటుంది, తెలుగు సూచిలో దాన్ని తలకిందులు చేసే పని లేదు, మధ్యలో కామా కూడా అక్కర్లేదు. ఇంగ్లిషు పేర్ల కోసం తయారైన సాఫ్ట్‌వేర్‌కు ఇది తెలియక 'రావు, గురజాడ అప్పా' అని తయారు చేసి పెట్టింది, నువ్వు అలాగే ఉంచేశావు! శ్రీ, డాక్టర్, ఆచార్య, గారు అన్నీ తీసెయ్యి. గౌరవం తగ్గదు. శ్రీశ్రీ జోలికి మాత్రం వెళ్లకు, అది కలం పేరు.

'భారతి, 1930' అంటే ఎవరికీ ఏమీ దొరకదు. 1924లో మొదలైన ఆ పత్రిక మాసపత్రిక. ఏ నెల, ఏ సంపుటం, ఏ సంచిక, ఏ పుటలు? సంపుటానికీ సంచికకూ తేడా తెలియకుండా రెండంకెలు పక్కపక్కన పెట్టేవాళ్లు చాలామంది. ఆ గుంపులో చేరకు. 'ప్రభవ' అని తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ముద్రించిన పుస్తకానికి నువ్వు 1927 వేశావు. ప్రభవ అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1867, 1927, 1987. ముద్రణాలయాన్నీ ముందుమాటనూ చూసి ఏ ప్రభవో తేల్చుకో. తేల్చుకున్నాక కూడా 1927-28 అని రాయాలి, ఉగాది జనవరిలో రాదు కదా. స్కాన్ చేసిన పుస్తకాలకు వెబ్‌సైటు చూపే సంవత్సరాన్ని నమ్మకు, లోపలి ముఖపత్రం చూడు.

ప్రచురణ స్థలం సగం చోట్ల ఉంది, సగం చోట్ల లేదు. పరిశోధనల్లో ఆధారాలు చూపడానికి వాడే ఏ.పి.ఏ. పద్ధతి ఏడో కూర్పు స్థలాన్ని వదిలేసింది. పాత తెలుగు పుస్తకాలకు అది ఆచూకీ చెబుతుంది కాబట్టి నేనైతే ఉంచుతాను. మీ విశ్వవిద్యాలయం నియమం ఏదైతే అది, అన్ని చోట్లా ఒకేలా.

వ్యాఖ్యల్లో వాక్యాలు నన్ను ఎక్కువ బాధపెట్టాయి. 'ఈ గ్రంథం గ్రాంథికవాదుల అభిప్రాయాలను ఖండించారు' అని రాశావు. గ్రంథమైతే ఖండించింది, రచయితైతే ఖండించారు. వాక్యం మొదలుపెట్టినప్పుడు మనసులో పుస్తకం, ముగించేటప్పటికి మనిషి. 'ఈ వ్యాసం యొక్క ముఖ్య ఉద్దేశం ఏమిటంటే వాడుక భాష గురించి చెప్పబడింది' అన్న వాక్యానికి తలా తోకా లేవు. 'బడి పుస్తకాల్లో వాడుక భాష ఎందుకు ఉండాలో ఈ వ్యాసం వాదిస్తుంది' అంటే సరిపోతుంది. 'యొక్క', 'బడింది' కనిపించిన ప్రతిచోటా ఆగి, అవి లేకుండా చెప్పి చూడు. గ్రంధం, అర్ధం, సంధర్భం వంటి ఒత్తుల తప్పులు సరేలే, అందరూ రాస్తున్నారు. గ్రాంథికవాదం మీద పరిశోధిస్తూ 'గ్రాంధికం' అని రాస్తే పరీక్షకుడు రెండో పుట తిప్పడు.

'పరిశోధకులకు కరదీపిక వంటిది' అన్న మాట అయిదు చోట్ల ఉంది. రెండు చోట్ల అది ఆ పుస్తకాల ముందుమాటల్లోదే. ఏ అధ్యాయం నీకు పనికొచ్చింది, రచయిత దేన్ని వదిలేశాడు, నువ్వు ఎక్కడ ఒప్పుకోవు అన్నది మూడు వాక్యాల్లో రాయి. అలా రాయలేకపోతే నువ్వా పుస్తకం చదవలేదన్నమాట, జాబితాలోంచి తీసెయ్యి. నలభై బదులు పాతిక మిగిలినా పరవాలేదు.

గైడుకు ఇవ్వడానికి ఇంకా వారం ఉందన్నావు. కన్యాశుల్కం, భారతి నమోదులు రెండూ తిరగరాసి, ముఖపత్రాల ఫొటోలతో నాకు ముందు పంపు. మిగతావి నువ్వే దిద్దుకోగలవు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న