ఈఎంఐ, చీటీ, కార్డు బిల్లు.. ఏది ఖర్చు కింద రాయాలి?

విజయవాడ నుంచి రాసిన మేడం గారూ, మీ ఇంటికొచ్చే జీతం 68 వేలు, ఖర్చు 22 వేలే అని మీ ఆయన అంటారు, మరి ప్రతి నెలాఖరుకీ కార్డు ఎందుకు గీకాల్సొస్తోంది అని కదా అడిగారు.

ఆయన చెప్పేది అబద్ధమేం కాదండి, కాకపోతే ఆయన లెక్కలో ఖర్చంటే సరుకులు, పాలు, కరెంటు, పెట్రోలు, అంతే. హోమ్ లోన్ "ఆస్తి కదా" అని పక్కన పెట్టేశారు. 30 లక్షలు, 8.5 శాతం, 20 ఏళ్లు అన్నారు, ఈఎంఐ సుమారు 26,035 వస్తుంది, అందులో మొదటి నెల వడ్డీయే 21,250, అసలుకి పోయింది 4,785. అంటే మీకు మిగిలిన ఆస్తి ఆ నాలుగు వేల చిల్లరే, వడ్డీ అంతా ఖర్చే, లోన్ కొత్తది కాబట్టి ఇంకొన్నేళ్లు ఇదే వరస.

చీటీకి కట్టే 10 వేలు పొదుపే, మీరింకా పాడుకోలేదు కాబట్టి. పాడుకున్నాక కట్టే వాయిదాలు మాత్రం అప్పు తీర్చడం కిందకొస్తాయి.

ఇప్పుడు జీతంలోంచి ఇంటి ఖర్చు, ఈఎంఐ, చీటీ ఈ మూడూ తీసేస్తే నెలకి మీ చేతిలో మిగిలేది 9,965. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఏడాదికి స్కూల్ ఫీజు 72 వేలు, బండి, హెల్త్ ఇన్సూరెన్సులు 12 వేలు, పండగ బట్టలు, పెళ్ళిళ్ళ చదివింపులు కలిపి 36 వేలు అని మీరే రాశారు, మొత్తం లక్షా 20 వేలు, నెలకి 10 వేలు! నెలనెలా రాదు కాబట్టి ఎవరూ పుస్తకంలో రాయరు, వచ్చినప్పుడు కార్డు మీద పడుతుంది (చదివింపులైతే మరీను, ఏ ఇంట్లోనూ లెక్కలోకి రావు).

కార్డు బిల్లు కట్టినప్పుడు మళ్ళీ ఖర్చు రాయకండి, గీకిన రోజే రాసుకోండి, లేకపోతే ఒకే ఫీజు రెండుసార్లు పడుతుంది. వడ్డీ మాత్రం ఖర్చే. మీ 40 వేల బాకీకి నెలకి 3.5 శాతం అనుకుంటే 1,400, దానిమీద 18 శాతం జీఎస్టీ 252. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు ఉండదు.

నన్నడిగితే వచ్చే నెల్లో పాట మరీ ఎక్కువకి పోకపోతే చీటీ ఎత్తేసి ముందు కార్డు క్లియర్ చేయండి, మిగిలిన డబ్బు ఫీజులకని వేరే అకౌంట్లో వేసి ఉంచండి, ఆ అకౌంటుకి ఏటీఎం కార్డు తీసుకోవద్దు.