హాల్లో పీసీ గేమింగ్‌కి 65 అంగుళాల టీవీయా, 48 అంగుళాల మానిటరా? ముందు సోఫా దూరం కొలవండి

మీరు అడిగింది ఇది. హాల్లో సోఫాకీ టీవీ గోడకీ మధ్య తొమ్మిది అడుగులు ఉంది. పీసీలో ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు ఉంది. తమ్ముడితో కలిసి రేసింగ్, ఫుట్‌బాల్ గేములు ఆడతారు, మీరొక్కరే ఉన్నప్పుడు కౌంటర్ స్ట్రైక్ అనే షూటింగ్ గేమ్. ఇంట్లోవాళ్లు అదే తెర మీద సీరియళ్లు, న్యూస్ చూస్తారు. 65 అంగుళాల 144 హెర్ట్జ్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చే) టీవీ కొనాలా, 48 అంగుళాల గేమింగ్ మానిటర్ కొనాలా అన్నది మీ ప్రశ్న. పాత 24 అంగుళాల మానిటర్ అమ్మేసి ఆ డబ్బు కూడా ఇందులో కలుపుదామనుకుంటున్నారు.

టీవీ కొనండి. కూకట్‌పల్లిలో మా ఇంటి హాల్లో నాలుగేళ్లుగా ఇలాగే ఆడుతున్నాను. ఈ నాలుగేళ్లలో రెండు టీవీలు మారాయి, అందులో మొదటిది నేను చూసుకోకుండా కొన్నది. ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

రెండో టీవీ, అంటే ఇప్పుడున్న 65 అంగుళాలది గోడకి బిగించిన రోజు ఇంట్లో అందరం సంబరపడ్డాం. సినిమా పెడితే థియేటర్‌లా ఉంది. రాత్రి గేమ్ పెట్టాక మాత్రం ఏదో వెలితి. డెస్క్ దగ్గర ఆడేటప్పుడు ఆటలో మునిగిపోయినట్టుండేది, ఇక్కడ దూరం నుంచి చూస్తున్నట్టుంది. మా బావమరిది పక్కనే కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ఉన్న 15.6 అంగుళాల లాప్‌టాప్‌ని చేతులు చాపి టీవీకి అడ్డంగా పట్టుకున్నాడు. టీవీ మొత్తం దాని వెనకాల దాగిపోయింది. "బావా, నువ్వు కొన్నది ఈ లాప్‌టాపే" అన్నాడు.

తర్వాత లెక్క వేసి చూశాను, వాడు చెప్పింది అక్షరాలా నిజం. 65 అంగుళాల తెర వెడల్పు 144 సెంటీమీటర్లు. తొమ్మిది అడుగులంటే 274 సెంటీమీటర్లు. చేయి చాపిన దూరం 65 సెంటీమీటర్లు అనుకుంటే, ఆ దూరంలో 34 సెంటీమీటర్ల వెడల్పున్న తెర ఎంత కనిపిస్తుందో మన టీవీ కంటికి అంతే కనిపిస్తుంది. అది 15.6 అంగుళాల లాప్‌టాప్ తెర వెడల్పే. మీరు అడిగిన 48 అంగుళాల మానిటర్‌కి ఇదే లెక్క వేస్తే 25 సెంటీమీటర్లు వస్తుంది. తొమ్మిది అడుగుల నుంచి అది 11 అంగుళాల ట్యాబ్లెట్‌తో సమానం. 48 అంగుళాలది డెస్క్ మీద మూడు, నాలుగు అడుగుల్లో కూర్చునేవాళ్లకి అద్భుతంగా ఉంటుంది. హాల్లో పెట్టుకునే వస్తువు మాత్రం కాదు.

అందుకే ఆడేటప్పుడు దగ్గరికి జరగాలి. సోఫాని రెండున్నర అడుగులు ముందుకి లాగితే అదే 65 అంగుళాలు 21 అంగుళాల మానిటర్ అంత కనిపిస్తాయి. మా ఇంట్లో సోఫా జరిపితే బాల్కనీకి దారి మూసుకుపోతుందని అమ్మ ఒప్పుకోలేదు. రెండు బీన్ బ్యాగులు కొన్నాం. ఆట మొదలుపెట్టే ముందు ఆరడుగుల దగ్గర వేసుకుంటాం, అయిపోగానే మూలకి చేరుస్తాం. ఈ అలవాటుతో వచ్చినంత తేడా నాకు ఏ సెట్టింగ్‌తోనూ రాలేదు. మీ దగ్గర జరగడానికి వీలు లేకపోతే, బడ్జెట్ ఒప్పుకుంటే 75 అంగుళాలకి వెళ్లండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది కాబట్టి పెద్ద సైజులు మునుపటంత భారం కావు.

ఇక 144 హెర్ట్జ్ సంగతి. నేను దెబ్బతిన్నది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మొదటి టీవీ 55 అంగుళాలది. పెట్టె మీద 120 హెర్ట్జ్ అని పెద్ద అక్షరాలు, షాపులో సేల్స్ అబ్బాయి కూడా అదే మాట. ఇంటికొచ్చి పీసీకి పెట్టి విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే దాకా వెళ్లి చూస్తే 4కేలో (3840×2160 పిక్సెళ్లు) 60 తప్ప ఇంకో అంకె లేదు. స్పష్టతని 1080కి దించితే అప్పుడు 120 వచ్చింది. ఆ ప్యానెల్ అసలు 60 హెర్ట్జ్‌దే. రెండేసి వరసల పిక్సెళ్లని ఒకేసారి నడిపించి, నిలువులో సగం స్పష్టత వదులుకుని 120 చూపిస్తుంది. దీన్ని డీఎల్‌జీ అంటారు. పెట్టె తెరిచాక వెనక్కి తీసుకోం అన్నారు. ఎన్నో నెలలు దాచుకున్న డబ్బు అది, చాలా బాధ వేసింది. చివరికి చుట్టాలింటికి తక్కువ ధరకి ఇచ్చేశాను, సీరియళ్లకి వాళ్లకి చక్కగా పనికొస్తోంది.

పీసీని టీవీకి కలిపే పోర్టు గురించి పెట్టె మీద హెచ్‌డీఎంఐ 2.1 అని రాసినా నమ్మేయకండి. ఆ ప్రమాణంలో చాలా సౌకర్యాలు తప్పనిసరి కావు, తయారీదారు ఇష్టం. పాత 2.0 వేగంతో ఉన్న పోర్టుకి కూడా 2.1 అని పేరు పెట్టుకోవచ్చు. పాత పోర్టు సెకనుకి 18 గిగాబిట్లు మోస్తుంది, అంటే పూర్తి రంగులతో 4కే 60 దాకా. 4కే 120ని 10 బిట్ రంగుతో ఏమీ తగ్గించకుండా పంపాలంటే 40 గిగాబిట్ల దగ్గర కావాలి. కాబట్టి షాపులో అడగాల్సింది "ప్యానెల్ నేటివ్‌గా ఎంత, 4కేలో ఏ పోర్టు ఎన్ని హెర్ట్జ్ తీసుకుంటుంది" అని. జవాబు నోటిమాటగా కాదు, ఆ మోడల్ మాన్యువల్‌లో చూపించమనండి. హెచ్‌డీఎంఐ 2.1 ఉన్న గేమింగ్ లాప్‌టాప్ స్నేహితుల దగ్గర ఉంటే పట్టుకెళ్లండి. నేను రెండోసారి అలాగే వెళ్లాను. మొదట విసుక్కున్నా, డెమో టీవీకి పెట్టి చూడనిచ్చారు.

ఇంకోటి, చాలా టీవీల్లో నాలుగు పోర్టులుంటే పూర్తి వేగంవి రెండే ఉంటాయి. ఆ రెండిట్లో ఒకటి సౌండ్‌బార్ కోసం ఉండే ఈఆర్క్ పోర్టు అవుతుంది. సౌండ్‌బార్ అందులో, పీసీ రెండోదాంట్లో పెడితే భవిష్యత్తులో కన్సోల్ కొన్నా దానికి చోటు ఉండదు. మీకు కన్సోల్ ఆలోచన ఉంటే నాలుగు పోర్టులూ పూర్తి వేగంతో ఉన్న మోడల్ చూసుకోండి.

గేమింగ్ కోసమే చేసిన పెద్ద మానిటర్ టీవీ కంటే మెరుగు కదా అని మీరు రాశారు. ఒకప్పుడు ఆ మాట నిజమే. 2018 జనవరిలో లాస్ వేగాస్ సీఈఎస్ ప్రదర్శనలో గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్విడియా బీఎఫ్‌జీడీ పేరుతో 65 అంగుళాల 4కే 120 హెర్ట్జ్ తెరలు ప్రకటించింది. హెచ్‌పీ 2019లో తెచ్చిన ఒమెన్ ఎక్స్ ఎంపీరియం ఆ రకమే, ధర 4,999 డాలర్లు. అదే 2019లో ఎల్‌జీ తన ఓలెడ్ (ఒక్కో పిక్సెల్ తనంతట తానే వెలిగే రకం) టీవీల్లో హెచ్‌డీఎంఐ 2.1 పెట్టింది, 2020లో ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ కార్డులకీ ఆ పోర్టు వచ్చింది. మానిటర్‌కి అంత డబ్బు పోసే కారణం అక్కడితో పోయింది. వీఆర్ఆర్ (గేమ్ ఫ్రేములకి తగ్గట్టు తెర వేగం మారడం), తక్కువ ఇన్‌పుట్ లాగ్ (బటన్ నొక్కాక తెర మీద కనిపించేలోపు ఆలస్యం) లాంటివన్నీ ఇప్పుడు మంచి టీవీల్లోనే ఉన్నాయి.

టీవీ తెచ్చాక మొదటి గంటలో చేయాల్సిన పనులు మూడున్నాయి. పీసీ పెట్టిన పోర్టుకి సంబంధించిన ఇన్‌పుట్ సిగ్నల్ సెట్టింగ్‌ని టీవీ మెనూలో పెంచాలి. కంపెనీని బట్టి ఎన్‌హాన్స్‌డ్ అనో, డీప్ కలర్ అనో, ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అనో ఉంటుంది. అది ఆన్ చేయకపోతే కొన్నిట్లో 120 కనిపించనే కనిపించదు. తర్వాత ఇన్‌పుట్ పేరుని పీసీగా మార్చాలి. చాలా టీవీలు అప్పుడే రంగుల వివరం పూర్తిగా చూపిస్తాయి. నలుపు మీద ఎర్ర అక్షరాలున్న పేజీ ఏదైనా తెరిచి దగ్గరికెళ్లి చూడండి. అక్షరాల అంచులు తడిసిన కాగితం మీద సిరాలా అలుక్కుపోయి ఉంటే ఇంకా 4:4:4, అంటే పూర్తి రంగుల వివరం, రావడం లేదని అర్థం. మూడోది గేమ్ మోడ్. అది లేకుండా మౌస్ కదిపితే బాణం గుర్తు చేతి వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది.

మీ 4070 గురించి టెన్షన్ పడకండి. 4కేలో 83 లక్షల పిక్సెళ్లుంటాయి, 1440లో 37 లక్షలు, అంటే రెండింతల పైన పని. బరువైన గేముల్లో 4కే నేటివ్‌లో 120 ఫ్రేములు ఆ కార్డు ఇవ్వలేదు, నిజమే. కానీ దూరం ఇక్కడ మనకి మేలు చేస్తుంది. 65 అంగుళాల 4కే తెర మీద ఒక్కో పిక్సెల్ 0.37 మిల్లీమీటర్లు. తొమ్మిది అడుగుల నుంచి మామూలు చూపుకి 0.8 మిల్లీమీటర్ల కన్నా చిన్నవి విడివిడిగా ఆనవు. ఆరడుగుల దగ్గర కూడా 0.53 దాకా అంతే. కాబట్టి తక్కువ స్పష్టతలో గీసిన బొమ్మని పెద్దది చేసే డీఎల్‌ఎస్‌ఎస్‌ని మొహమాటపడకుండా పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి. లోపల 1080లో గీసి 4కేకి పెంచుతుంది. డెస్క్ మానిటర్ మీద ఆ మోడ్ పెడితే నాకు చెట్ల ఆకుల దగ్గర, కంచెల దగ్గర తేడా తెలిసిపోతుంది. బీన్ బ్యాగ్ మీద నుంచి ఫోర్జా హొరైజన్ 5లో ఎంత వెతికినా కనిపించలేదు.

సెకనుకి వచ్చే ఫ్రేములు ఒక అంకె దాటకుండా కట్టేయడం మర్చిపోవద్దు. 120 హెర్ట్జ్‌కి 116, 144కి 138 పెడితే వీఆర్ఆర్ తన హద్దుల్లోనే ఉంటుంది. ఓలెడ్ టీవీల్లో ఫ్రేములు ఒక్కసారిగా పెరిగి తగ్గితే చీకటి దృశ్యాల్లో నలుపు బూడిద రంగులోకి మారుతూ మినుకుమినుకుమంటుంది. నాది ఓలెడ్. గుహల్లాంటి చోట్ల, లోడింగ్ తెరల్లో మొదటి వారం ఇది చూసి ప్యానెల్ పోయిందనుకున్నాను. కార్డు నిలకడగా ఇవ్వగలిగిన అంకె దగ్గర కట్టేశాక చాలా వరకు తగ్గింది.

అయినా మీ ఇంటికి నేను ఓలెడ్ చెప్పను, తెర వెనకాల చిన్న చిన్న ఎల్‌ఈడీ దీపాలుండే మినీ ఎల్‌ఈడీ చెప్తాను. న్యూస్ ఛానెల్ లోగో, కింద నడిచే స్క్రోలింగ్ పట్టీ రోజుకి గంటల తరబడి ఒకే చోట వెలుగుతుంటే ఓలెడ్‌లో మచ్చ పడే ప్రమాదం ఉంది. పగలు బాల్కనీ వెలుతురులో కూడా మినీ ఎల్‌ఈడీయే బాగా కనిపిస్తుంది. ఓలెడే కావాలంటే ఒక్క జాగ్రత్త. మా అమ్మకి పడుకునే ముందు హాల్లో స్విచ్‌లన్నీ కట్టేసే అలవాటు ఉంది. కరెంటు బిల్లు ఒక కారణం, పిడుగుల భయం ఇంకో కారణం. ఓలెడ్ టీవీ కొన్ని గంటలు వాడాక, రిమోట్‌తో ఆపినప్పుడు స్టాండ్‌బైలో ఉండి కొన్ని నిమిషాల పాటు పిక్సెళ్లని సరిచేసుకుంటుంది. గోడ స్విచ్ కట్టేస్తే ఆ పని జరగదు. ఈ సంగతి నాకు తెలిసేసరికి మూడు నెలలైంది. అమ్మకి కూర్చోబెట్టి చెప్పాను, ఆ స్విచ్ మీద ఎర్ర టేపు అంటించాను. ఇప్పుడు ఉరుములు మొదలైతే తప్ప దాన్ని ముట్టుకోదు.

కేబుల్ విషయంలో పీసీ టీవీ పక్కనే ఉంటే అల్ట్రా హై స్పీడ్ అని ధ్రువీకరణ స్టిక్కర్, క్యూఆర్ కోడ్ ఉన్నది రెండు మూడు మీటర్లది చాలు. పీసీ బెడ్‌రూమ్‌లో పెట్టి పది మీటర్లు లాగాలంటే ఆప్టికల్ ఫైబర్ రకం కావాలి. దానికి దిశ ఉంటుంది, సోర్స్ అని రాసిన కొస పీసీకే పెట్టాలి. వైర్‌లెస్ కంట్రోలర్ సిగ్నల్ అందుకునే చిన్న డాంగిల్‌ని పీసీ వెనకాల యూఎస్‌బీ 3 పోర్టులో పెట్టకండి. ఆ పోర్టుల నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని దెబ్బతీస్తుంది. ఆటలో మా బావమరిది కారు మలుపుల్లో ఆగి ఆగి తిరుగుతుంటే కంట్రోలర్ పాడైందని కొత్తది కొనబోయాం. మీటరు ఎక్స్‌టెన్షన్ వైరు వేసి డాంగిల్‌ని టీవీ స్టాండ్ ముందుకి తెచ్చాక ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు.

ఆ 24 అంగుళాల మానిటర్‌ని మాత్రం అమ్మకండి. కౌంటర్ స్ట్రైక్‌లో దూరంగా తలుపు సందులో కనిపించే తల మీ కంటికి ఎంత పెద్దగా ఆనుతుందన్నదే అన్నిటికన్నా ముఖ్యం. ఆ పరిమాణం మీ డెస్క్ దగ్గర ఉంది, తొమ్మిది అడుగుల సోఫాలో లేదు. పైగా ఒళ్లో బోర్డు పెట్టుకుని మౌస్ తిప్పితే చేతికి డెస్క్ మీద ఉండే పట్టు రాదు. ఆరు నెలలు ప్రయత్నించి నేను మళ్లీ డెస్క్‌కే వెళ్లాను. పీసీకి రెండు తెరలూ తగిలించి ఉంచండి. విండోస్ బటన్, పీ కలిపి నొక్కితే ఒకదాని నుంచి ఇంకోదానికి మారడం క్షణాల్లో పని.