రెండో కేబుల్ ఎటు నుంచి వస్తోంది?

మా అమ్మావాళ్ల ఇల్లు కూకట్‌పల్లిలో. వీలైనప్పుడల్లా ఆషాఢంలో సెలవు పెట్టుకొని వస్తాను, బోనాలు చూసి వెళ్తాను. మన పిల్లలు అమెరికా ప్రయాణానికి సూట్‌కేసులు సర్దుకునేది కూడా ఆ రోజుల్లోనే. అందుకని ఏదో ఒక సందేహంతో ఎవరో ఒకరు మా ఇంటికి వస్తూనే ఉంటారు. ఎక్కువమంది అడిగేవి బ్యాంకు ఖాతా, రూమ్మేట్లు, ప్రెషర్ కుక్కర్, ఆవకాయ. ఈసారి కింది ఫ్లోర్ అమ్మాయి అడిగింది మాత్రం నాకు బాగా దగ్గరి విషయం, నెట్‌వర్కింగ్.

"అక్కా, నేను అమీర్‌పేటలో సీసీఎన్‌ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) నేర్చుకుని పరీక్ష కూడా పాసయ్యాను. మా యూనివర్సిటీలో అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ డిజైన్ ల్యాబ్ అని మూడు క్రెడిట్ల కోర్సు ఉంది. వచ్చిందే మళ్ళీ నేర్చుకోడానికి అంత ఫీజు కట్టాలా? ఆ క్రెడిట్లు క్లౌడ్ కోర్సుకు పెట్టుకోమని సీనియర్లు చెప్తున్నారు."

ఆ కోర్సు వదులుకోవద్దమ్మా అని అప్పుడే చెప్పేశాను. ఎందుకో చెప్పడానికి సాయంత్రమంతా పట్టింది. నెట్‌వర్కింగ్ వైపు వెళ్తున్న మిగతావాళ్లకూ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

అమీర్‌పేట చదువును నేను తక్కువ చేయను. మైత్రీవనం దగ్గర, మెట్ల మీద కూడా జనం నిలబడి ఉండే ఇన్‌స్టిట్యూట్‌లోనే నేనూ మొదలుపెట్టాను. సబ్‌నెట్టింగ్ (అడ్రస్‌లను చిన్న గుంపులుగా విడగొట్టడం) నోటిలెక్కగా చేయడం, ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారులు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి) పెట్టడం, ట్రంక్ పోర్టు (అనేక నెట్‌వర్కులను ఒకే తీగ మీద పంపే పోర్టు) పెట్టడం అన్నీ అక్కడే వచ్చాయి. అమెరికాలో మొదటి నెల క్లాసులో అందరికంటే ముందు నా కాన్ఫిగరేషన్ అయిపోయేది. అయితే అమీర్‌పేటలో బొమ్మ వాళ్లే గీసి ఇస్తారు. రౌటర్ ఇక్కడ, స్విచ్ అక్కడ, అడ్రస్‌లు ఇవి అంటారు. మనం కమాండ్లు కొడతాం. డిజైన్ ల్యాబ్‌లో తెల్ల కాగితం ఇస్తారు. బొమ్మ మనమే గీయాలి.

నాకిచ్చిన మొదటి పని ఒక ఆసుపత్రి. మూడు భవనాలు, 1,200 మంది సిబ్బంది, నెట్‌వర్క్ మీద నడిచే ఐపీ ఫోన్లు, అయిదేళ్లలో కట్టబోయే నాలుగో భవనం. చివర్లో ఒక్క వాక్యం: ఎమర్జెన్సీ వార్డులో ఫోన్ కాల్ మధ్యలో తెగకూడదు. రెండు గంటల్లో కాన్ఫిగరేషన్ మొత్తం రాసి ఇచ్చాను. తిరిగొచ్చిన కాగితంలో ఒక్క కమాండ్ కూడా తప్పు లేదు, కానీ పక్కన ఖాళీలో ఎర్ర ఇంకుతో మూడు ప్రశ్నలు ఉన్నాయి. నాలుగో భవనానికి అడ్రస్‌లు ఎక్కడ ఉంచావు? ఈ లింకు తెగితే ఎన్ని సెకన్లకు రెండో దారికి మారుతుంది? నీ రెండు ఫైబర్లు భూమిలో ఒకే పైపు గుండా వెళ్తున్నాయా?

మూడింటికీ నా దగ్గర జవాబు లేదు.

మొదటి దానికి జవాబు దొరకడం సులువే. భవనానికి ఒకటి చొప్పున 10.1, 10.2, 10.3 అని /16లు (ఆ రెండు అంకెలతో మొదలయ్యే అడ్రస్‌లన్నీ) ఇచ్చి, 10.4ను ఎవరూ ముట్టుకోకుండా ఉంచాలి. మూడో అంకె అంతస్తుదో, విభాగానిదో కావాలి. అప్పుడు ఒక భవనం మొత్తాన్నీ ఒకే రూటుగా మిగతా భవనాలకు చెప్పవచ్చు. నేను కనబడిన ఖాళీ సబ్‌నెట్ కనబడినట్టు పంచేశాను. కాగితం మీద పని చేస్తుంది కానీ రెండేళ్లు పోయాక ఎవరూ విప్పలేని చిక్కుముడి అవుతుంది.

రెండో ప్రశ్నకు జవాబు ల్యాబ్‌లో కేబుల్ పీకితేనే తెలుస్తుంది. రెండు రౌటర్లను నేరుగా కలిపి తీగ పీకితే పోర్టు వెంటనే పడిపోతుంది, రౌటర్‌కు ఆ క్షణమే తెలుస్తుంది. మధ్యలో ఒక స్విచ్ పెట్టి అవతలి తీగ పీకండి. ఇవతలి రౌటర్ లైటు పచ్చగానే వెలుగుతుంటుంది. ఓఎస్‌పీఎఫ్ ఈథర్‌నెట్ మీద మామూలుగా 10 సెకన్లకోసారి హలో (నేనున్నానని చెప్పే చిన్న సందేశం) పంపుతుంది, 40 సెకన్లు ఏమీ వినపడకపోతేనే పక్క రౌటర్ పోయిందనుకుంటుంది. ఆ 40 సెకన్లూ ప్యాకెట్లు లేని దారిలోకి పోతూనే ఉంటాయి. సిస్కో రౌటర్లలో బీజీపీని (వేర్వేరు సంస్థల నెట్‌వర్కులు దారులు చెప్పుకునే పద్ధతిని) అలాగే వదిలేస్తే 180 సెకన్లు పట్టవచ్చు. స్విచ్‌ల మధ్య ప్యాకెట్లు గుండ్రంగా తిరగకుండా ఆపే పాత స్పానింగ్ ట్రీ అయితే 30 నుంచి 50 సెకన్లు. ఈ అంకెలన్నీ నాకు పరీక్ష కోసం కంఠతా వచ్చు. కానీ చెవి దగ్గర ఐపీ ఫోన్ పెట్టుకుని, తీగ పీకి, ఆ నిశ్శబ్దాన్ని 40 సెకన్లు విన్నాక గానీ ఎమర్జెన్సీ వార్డు అంటే ఏమిటో అర్థం కాలేదు. తర్వాత బీఎఫ్‌డీ (లింకు తెగిందని చాలా త్వరగా పసిగట్టే పద్ధతి) పెట్టి మళ్ళీ పీకితే సెకను లోపే దారి మారింది. గొంతు ఒక్కసారి తడబడినట్టు వినిపించింది, అంతే. ఆ తేడా చెవితో విన్నందుకే ఈ రోజుకీ ఏ డిజైన్ చూసినా ముందు టైమర్లు అడుగుతాను.

మూడో ప్రశ్న వివరించడానికి ఆ అమ్మాయిని బాల్కనీలోకి తీసుకెళ్లాను. మా గల్లీ మలుపులో కరెంటు స్తంభం ఉంది, దానికి చుట్టలు చుట్టలుగా నల్ల కేబుళ్లు. "మీ ఇంట్లో రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు ఉన్నాయి కదా?" అన్నాను. నాన్నకు వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి రెండు కంపెనీలవి తీసుకున్నారట. రెండు కేబుళ్లూ వేలుతున్నది ఆ స్తంభానికే. లారీ తగిలి అది ఒరిగితే రెండు బిల్లులు కడుతున్నా ఇంట్లో ఇంటర్నెట్ ఉండదు. అమెరికాలో స్తంభం బదులు భూమిలో పైపు ఉండవచ్చు, తవ్వే మిషన్ దాన్ని ఒక్క దెబ్బకు కోసేస్తుంది. రెండు లింకులు ఉన్నాయా అనేది ఎవరైనా అడుగుతారు. అవి రెండూ కలిసి చచ్చే చోటు ఎక్కడుందో వెతకడమే డిజైన్ చేసేవాళ్ల పని.

ఇక ల్యాబ్‌లో నేను చేసిన ఒక తప్పు. ఇది ఎవరికీ జరగకూడదని చెప్తున్నాను. రెండు స్విచ్‌ల మధ్య ట్రంక్ మీద 10, 20, 30 నంబర్ల వీలాన్లు (ఒకే స్విచ్‌లో విడివిడిగా ఉండే నెట్‌వర్కులు) వెళ్తున్నాయి, కొత్తగా 40 చేర్చాలి. అనుమతించే వీలాన్ల కమాండ్‌లో 'యాడ్' అనే మాట వేయకుండా 40 అని కొట్టి ఎంటర్ నొక్కాను. యాడ్ లేకపోతే పాత లిస్టు పోయి కొత్తది ఒక్కటే మిగులుతుంది. మూడు గ్రూపుల పని ఒక్కసారిగా ఆగిపోయింది. నేను ఆ స్విచ్‌లోకి వెళ్లిన దారి కూడా ఆ ట్రంకే కాబట్టి నా స్క్రీన్ కూడా గడ్డకట్టింది. కన్సోల్ కేబుల్ (స్విచ్‌కు నేరుగా తగిలించే తీగ) పట్టుకుని పరిగెత్తి సరిచేశాను. టీఏ (ల్యాబ్ చూసుకునే టీచింగ్ అసిస్టెంట్) కోప్పడలేదు. మార్చబోయే ముందు 'రీలోడ్ ఇన్ 10' కొట్టమని నేర్పించాడు. మనం బయట ఉండిపోతే, పది నిమిషాలకు స్విచ్ తనంతట తనే రీస్టార్ట్ అయి, సేవ్ చేసి ఉన్న పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది. అంతా బాగుంటే రీలోడ్ రద్దు చేసి అప్పుడు సేవ్ చేస్తాం. ఆ తర్వాత నుంచి ఏం మారుస్తున్నాం, ఎలా సరిచూస్తాం, చెడిపోతే ఎలా వెనక్కి వస్తాం అని రాసి ఇవ్వకుండా పరికరాన్ని ముట్టుకోనివ్వలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో నా చేతికొచ్చిన ఫారంలోనూ అవే మూడు గడులు.

చాలా పెద్ద సంస్థలకూ ఇదే జరుగుతుంది. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ సుమారు ఆరు గంటలు ఆగిపోయాయి కదా. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ డేటా సెంటర్లను కలిపే వాళ్ల బ్యాక్‌బోన్ లింకుల్ని దించేసింది. డేటా సెంటర్లు అందకపోవడంతో డీఎన్‌ఎస్ సర్వర్లు (వెబ్‌సైట్ పేరును అడ్రస్‌గా మార్చి చెప్పేవి) తమ బీజీపీ రూట్లు వెనక్కి తీసుకున్నాయి. దూరం నుంచి సరిచేద్దామంటే లోపలికి వెళ్లే దారి కూడా ఆ నెట్‌వర్కే. మనుషులు డేటా సెంటర్లకు స్వయంగా వెళ్లాల్సి వచ్చింది. ల్యాబ్‌లో కన్సోల్ కేబుల్ కోసం పరిగెత్తినవాళ్లకు ఈ కథ వింటే ఒళ్లు జలదరిస్తుంది.

క్లౌడ్ సంగతి. ఆ కోర్సు కూడా తీసుకోండి, నేను వద్దనను. కానీ క్లౌడ్‌లో వీపీసీ (అక్కడ మనకంటూ ఉండే ప్రైవేటు నెట్‌వర్క్) గీసేటప్పుడు ఎదురయ్యేది ఆ అడ్రస్ ప్రణాళికే. రెండు వీపీసీలకూ 10.0.0.0/16 ఇచ్చేస్తే తర్వాత వాటిని పీరింగ్‌తో (నేరుగా ఒకదానికొకటి జోడించి) కలపలేరు. ఆఫీసు నుంచి అమెజాన్ క్లౌడ్‌కు డైరెక్ట్ కనెక్ట్ (ఇంటర్నెట్ గుండా పోని సొంత లైను) వేస్తే అక్కడ మాట్లాడేది బీజీపీ. డిజైన్ ల్యాబ్ ముందు, క్లౌడ్ తర్వాత అయితే రెండోది సగం కష్టంతో వస్తుంది.

ఇంకా యూనివర్సిటీ తేల్చుకోనివాళ్లు ర్యాంకు ఒక్కటే చూసి ఆగకండి. సిలబస్ తెరిచి ల్యాబ్ గంటలు ఎన్నో చూడండి. ఒక ర్యాక్‌కు (పరికరాలు బిగించే స్టాండుకు) ఎంతమంది, రాత్రిళ్లు ల్యాబ్ తెరిచి ఉంటుందా, సొంత డిజైన్ కట్టి చూపించే ప్రాజెక్టు ఉందా అని మెయిల్ పెట్టి అడగండి. అడిగితే జవాబిస్తారు, మొహమాటం అక్కర్లేదు. నార్త్ కరోలైనా స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ నెట్‌వర్కింగ్‌లోనే ఎంఎస్ ఉంది. న్యూ హాంప్‌షైర్ యూనివర్సిటీలో ఇంటర్ఆపరబిలిటీ ల్యాబ్ 1988 నుంచి నడుస్తోంది. కంపెనీలు పంపే పరికరాలు ఒకదానితో ఒకటి సరిగ్గా మాట్లాడుతున్నాయో లేదో పరీక్షించే పనిలో అక్కడ విద్యార్థులు జీతానికి చేరతారు. ఇలాంటి చోటు దొరకడం అదృష్టమే.

మీ యూనివర్సిటీలో అది లేకపోయినా క్యాంపస్ నెట్‌వర్క్ అనేది ఉంటుంది. వేల వైఫై యాక్సెస్ పాయింట్లు, స్విచ్ గదులు, వాటిని చూసుకునే ఐటీ విభాగం. సెమిస్టర్ నడుస్తుండగా ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చు. మనవాళ్లు దిగగానే క్యాంటీన్ పనికి వరుస కడతారు. అది తప్పు కాదు, డబ్బు అవసరం నాకు తెలుసు. కానీ ముందు ఐటీ విభాగంలో అడగండి, సెమిస్టర్ మొదలయ్యే వారంలోనే అడగండి. నిచ్చెన ఎక్కి యాక్సెస్ పాయింట్ బిగించడం, ఫైబర్ కొన తుడవడం చిన్న పనులు అనుకోవద్దు. కంటికి కనబడని దుమ్ము రేణువు ఫైబర్ కొన మీద ఉంటే లింకు ఎలా ఊగిసలాడుతుందో నేను అలాగే నేర్చుకున్నాను. ఓపీటీ (చదివినదానికి సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి) సంగతికి వస్తే, అది 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) డిగ్రీ అయితే మరో 24 నెలల పొడిగింపు ఉంది. మీ డిగ్రీ స్టెమ్ జాబితాలో ఉందో లేదో చేరకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. నిబంధనలు మారుతుంటాయి, అందుకని వాట్సాప్ గ్రూపును కాదు, యూనివర్సిటీలో డీఎస్‌వోను (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని) అడగండి.

ఒక విషయం కొంచెం గట్టిగానే చెప్పాలి. సీనియర్ల ల్యాబ్ రిపోర్టులు మన గ్రూపుల్లో తిరుగుతుంటాయి. ప్రేమతోనే ఇస్తారు. దయచేసి తెరవకండి. కాపీ అని తేలితే మార్కులతో ఆగదు, సస్పెండ్ చేస్తే ఎఫ్-1 హోదాకే ముప్పు. ఆ టెన్షన్ పడిన అమ్మాయిని ఒకరిని దగ్గరుండి చూశాను, ఇంట్లో అప్పు, చేతిలో నోటీసు. పైగా ల్యాబ్‌కు ఫీజు కట్టి మీరు కొన్నదే మీ తప్పులు మీరే చేసి నేర్చుకునే అవకాశం. ఒకసారి నా రెండు రౌటర్లు ఓఎస్‌పీఎఫ్‌లో ఎక్స్‌స్టార్ట్ (పూర్తిగా కలవకముందు వచ్చే ఒక దశ) దగ్గర ఆగిపోయాయి. పింగ్ వెళ్తోంది, హలోలు వెళ్తున్నాయి, రౌటర్లు మాత్రం పూర్తిగా కలవడం లేదు. ఒక రాత్రంతా పట్టింది, చివరికి రెండు వైపులా ఎంటీయూ (ఒక్కసారికి పంపగల ప్యాకెట్ గరిష్ఠ సైజు) వేరుగా ఉందని తేలింది. ఎవరి రిపోర్టులోంచో చూసి రాసి ఉంటే అయిదు నిమిషాల్లో అయిపోయేది, వారానికల్లా మరిచిపోయేదాన్ని.

ల్యాబ్ పార్ట్‌నర్‌గా కనీసం ఒక సెమిస్టర్ తెలుగు రానివాళ్లను ఎంచుకోండి. మనలో మనం ఉంటే "అది అట్లనే పెట్టు, నడుస్తది" అనుకుని ముందుకెళ్లిపోతాం. తెలుగు రాని మనిషికి ఆ లింకు ఎందుకు పెట్టామో నోరు విప్పి చెప్పాలి. ఇంటర్వ్యూలో బోర్డు ముందు నిలబెట్టి అడిగేది అదే.

బయల్దేరేలోపు హైదరాబాద్‌లోనే చేయగలిగింది చాలా ఉంది. పాత రౌటర్లు కొనక్కర్లేదు. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో జీఎన్‌ఎస్3 గానీ కంటైనర్‌ల్యాబ్ గానీ (కంప్యూటర్‌లోనే నెట్‌వర్క్ కట్టే సాఫ్ట్‌వేర్లు) పెట్టుకుని, ఉచితంగా దొరికే ఎఫ్ఆర్ఆర్ సాఫ్ట్‌వేర్ రౌటర్లు నాలుగు కలిపితే ఓఎస్‌పీఎఫ్, బీజీపీ రెండూ ఆడతాయి. వైర్‌షార్క్‌తో (ప్యాకెట్లను విప్పి చూపించే సాఫ్ట్‌వేర్) హలో ప్యాకెట్ ఒకటి విప్పి చూడండి. డంపుల (బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలు, జవాబులు) జోలికి వెళ్లకండి. ఇంకా మంచి అభ్యాసం కావాలంటే మీ అపార్ట్‌మెంటుకే నెట్‌వర్క్ గీయండి. ఫ్లాట్లు ఎన్ని, సీసీ కెమెరాలు ఎన్ని, స్విచ్‌లు ఏ అంతస్తులో, కరెంటు పోతే ఏవి బతకాలి, రాగి కేబుల్ 100 మీటర్లు దాటే చోట ఫైబర్ ఎక్కడ వేయాలి.

మర్నాడు ఆ అమ్మాయి నిజంగానే చార్టు కాగితం మీద గీసుకొచ్చింది. మెట్ల పక్కన షాఫ్టు, లిఫ్టు గది, సెల్లార్‌లో వాచ్‌మన్ గది, అన్నీ ఉన్నాయి. గల్లీ మలుపు స్తంభం చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టింది.

"రెండో కనెక్షన్‌ని వెనక గేటు వైపు స్తంభం నుంచి ఇమ్మని అడగొచ్చా అక్కా?" అంది.

అడగొచ్చు. అయితే ఆ రెండు స్తంభాల కేబుళ్లూ మెయిన్ రోడ్డు మీద మళ్ళీ ఒకే బాక్సులో కలుస్తాయేమో ముందు చూడాలి. చెప్పులు వేసుకుని ఇద్దరం కిందికి దిగాం.